ఇంట్లో చదివే టీనేజ్ బిడ్డకు సాహిత్యం, రచన: ఏ పాఠ్యక్రమం ఎంచుకోవాలి?

లెక్కల పుస్తకం ఎంచుకోవడం అంత కష్టం కాదు. జవాబులు చివరి పేజీల్లో ఉంటాయి. బిడ్డ చేసిన లెక్క తప్పో ఒప్పో సరిచూసుకోవచ్చు. సాహిత్యం, రచన అలా కాదు. ఏ కథ చదివించాలి? చదివినది అర్థమైందని ఎలా తెలుస్తుంది? రాసిన వ్యాసం బాగుందో లేదో ఎవరు చెప్పాలి? వీటికి పుస్తకం వెనుక జవాబులు ఉండవు. పిల్లలను ఇంట్లో చదివించే తల్లిదండ్రులు తడబడేది ఇక్కడే. ఆ భయంతోనే ఎవరో మంచిదన్నారని విదేశీ పాఠ్యక్రమం ఒకటి తెప్పించుకుని, ఇక నిశ్చింత అనుకుంటారు.

ఇబ్రహీంపట్నం లాంటి ఊళ్లో ఈ ఎంపిక మరీ చిక్కు. ఇంట్లో మాట్లాడేది తెలంగాణ తెలుగు. సంఘంలో వినేది పరిశుద్ధ గ్రంథపు తెలుగు. ఆదిబట్ల కంపెనీల్లో ఉద్యోగం కావాలంటే ఇంగ్లీషు రావాలి. పరీక్ష రాయాల్సింది ఓపెన్ స్కూల్లో. ఈ నాలుగింటినీ కలిపి ఒకే పెట్టెలో పెట్టి అమ్మేవాళ్లు ఎవరూ లేరు. కొన్న పాఠ్యక్రమం ఇంగ్లీషు సగానికి సాయపడవచ్చు. తెలుగు సగం మాత్రం ఇంట్లోనే కట్టుకోవాలి. దాన్ని వదిలేస్తే బిడ్డ పరీక్షలు పాసవుతుంది గానీ, తన నాయనమ్మ చదువుకోగలిగే ఉత్తరం ఒక్కటి కూడా రాయలేదు. ఈ సంగతి మనసులో పెట్టుకుని కింది వివరాలు చదవండి.

ముందుగా చట్టం, పరీక్ష

2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందాలని చెబుతుంది. ఇంటి చదువుకు అందులో ప్రత్యేక అనుమతి లేదు. అలాగని ఇంట్లో చదివించే తల్లిదండ్రులకు శిక్ష కూడా లేదు. 14 ఏళ్లు నిండిన బిడ్డకు దారి స్పష్టంగానే ఉంది. కేంద్ర ప్రభుత్వానికి చెందిన ఎన్‌ఐఓఎస్ 1989లో మొదలైంది. 14 ఏళ్లు నిండితే అందులో సెకండరీ, అంటే పదో తరగతి స్థాయికి నమోదు కావచ్చు. అయిదు సబ్జెక్టులు పాసవ్వాలి, వాటిలో కనీసం ఒక భాష ఉండాలి, రెండు భాషలు కూడా తీసుకోవచ్చు. నమోదు అయిదేళ్లు చెల్లుతుంది. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి కాబట్టి అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయనక్కర్లేదు. మన రాష్ట్రంలో తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ కూడా పదో తరగతి, ఇంటర్ పరీక్షలు నడుపుతుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఒక భాష చాలు కదా అని ఇంగ్లీషు మాత్రం తీసుకుని తెలుగు వదిలేస్తారు. ఎన్‌ఐఓఎస్‌లో రెండో భాషగా తెలుగు తీసుకునే వీలు ఉంది. ఇంకో సంగతి. 2018లో వచ్చిన తెలంగాణ చట్టం ప్రకారం ఒకటి నుంచి పదో తరగతి వరకు బడుల్లో తెలుగు తప్పనిసరి. ఇంట్లో చదివిన బిడ్డను ఎప్పుడైనా తిరిగి బడికి పంపాల్సి వస్తే తెలుగు రాకపోవడం పెద్ద అడ్డంకి అవుతుంది.

దొరికే పాఠ్యక్రమాలు నాలుగు రకాలు

మొదటిది వర్క్‌బుక్ రకం. ఏసీఈ, అబెకా లాంటి అమెరికా క్రైస్తవ సంస్థల పుస్తకాలు ఇవి. ఏసీఈలో పిల్లలు పేస్ అనే చిన్న పుస్తకాలను ఒకటి తర్వాత ఒకటి తమంతట తాము పూర్తి చేస్తారు. తల్లిదండ్రులకు శ్రమ తక్కువ. వ్యాకరణం గట్టిపడుతుంది. అయితే ఖాళీలు పూరించడం వల్ల సొంత వాక్యాలు రాయడం రాదు. ఆ లోటు మనం వేరే భర్తీ చేయాలి.

రెండోది పుస్తకాల చుట్టూ అల్లిన రకం. సోన్‌లైట్, ఆంబుల్‌సైడ్ ఆన్‌లైన్ ఈ కోవలోవి. ముక్కలు ముక్కలుగా కాకుండా మొత్తం పుస్తకం చదివిస్తారు. ఆంబుల్‌సైడ్ పుస్తకాల జాబితా, వారాల ప్రణాళిక ఉచితంగా చూసుకోవచ్చు. ఇంగ్లండ్‌కు చెందిన విద్యావేత్త షార్లెట్ మేసన్ (1842–1923) ఆలోచనల మీద అది నడుస్తుంది. పాతకాలపు ఇంగ్లీషు ఎక్కువగా ఉంటుంది కాబట్టి తల్లి గానీ తండ్రి గానీ పక్కన కూర్చోవాలి.

మూడోది రచన ఒక్కటే నేర్పేది. ఐఈడబ్ల్యూ అనే సంస్థ పాఠాలు ఇలాంటివి. చదివిన పేరాలో ప్రతి వాక్యం నుంచి రెండు మూడు ముఖ్యమైన మాటలు ఏరుకుని, పుస్తకం మూసి, వాటితో సొంతంగా తిరిగి రాయిస్తారు. ఏం రాయాలో తోచదనే పిల్లలకు ఇది బాగా పనిచేస్తుంది.

నాలుగోది మన ప్రభుత్వ వాచకాలు. ఎన్‌ఐఓఎస్ పాఠాలు, రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ వేసే తెలుగు, ఇంగ్లీషు వాచకాలు వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. వీటిని చిన్నచూపు చూడకండి. ఎన్‌ఐఓఎస్ పరీక్షకు ఎన్‌ఐఓఎస్ పాఠాలే ఆధారం. ఒక్క తెలుగు వాచకంలోనే శతక పద్యం, వచన కవిత, కథ, వ్యాసం అన్నీ పరిచయమవుతాయి.

కొనే ముందు అడగాల్సిన ప్రశ్నలు

1. బిడ్డ ఏడాదిలో ఎన్ని పుస్తకాలు మొదటి నుంచి చివరి దాకా చదువుతుంది? అన్నీ ముక్కలే అయితే అది సాహిత్యం కాదు, ప్రశ్నలకు జవాబులు వెతికే పని.

2. వారానికి ఎన్ని పేరాలు సొంతంగా రాయిస్తుంది? నమూనా పేజీలు తెప్పించుకుని లెక్కపెట్టండి.

3. మనకు ఎంత పని చెబుతుంది? రోజూ గంటసేపు ఇంగ్లీషులో చర్చించమనే పాఠ్యక్రమం, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన తల్లికి బరువవుతుంది. ఆ బరువుతో జూన్‌లో మొదలుపెట్టి దసరాకే అటక ఎక్కించేస్తారు.

4. మన దేశం గురించి ఏం రాసింది? ఇది తప్పకుండా చూడాలి. క్రైస్తవ ప్రచురణ అన్న ఒక్క కారణంతో నమ్మేయకండి. ముందు ఇండియా గురించి ఉన్న పేజీ తీసి చదవండి. మన ప్రజలను, పొరుగువారి మతాన్ని చులకన చేస్తూ రాసి ఉంటే, ఆ పుస్తకం బిడ్డకు ప్రభువు ప్రేమను నేర్పదు. తన ఊరినే పరాయిగా చూడడం నేర్పుతుంది.

5. పరీక్షకు ఎలా కలుస్తుంది? లేఖ, సారాంశం, వ్యాసం, చదివి జవాబు రాయడం, ఈ నాలుగూ ఓపెన్ స్కూల్ బిడ్డకు కావాలి. పాఠ్యక్రమంలో లేనివి మనం చేర్చుకోవాలి.

6. మొత్తం ఖర్చు ఎంత? పుస్తకాల ధరకు రవాణా, సుంకం కలిపి చూడండి. పై తరగతి పిల్లలున్న మరో కుటుంబం దగ్గర పాత సెట్టు దొరుకుతుందేమో ముందు అడగండి.

ఇంట్లోనే చదివిన పండిత రమాబాయి

బడికి వెళ్లకుండా ఇంట్లో చదివితే సాహిత్యం అబ్బుతుందా అనేవారికి మన క్రైస్తవ చరిత్రలోనే జవాబు ఉంది. పండిత రమాబాయి 1858లో పుట్టారు. ఆమె తండ్రి అనంతశాస్త్రి ఆడవాళ్లకు సంస్కృతం కూడదన్న రోజుల్లో భార్య లక్ష్మీబాయికి నేర్పారు. ఆ తల్లి కూతురికి నేర్పింది. పాఠం చెప్పిన పద్ధతి చాలా మామూలుది. తల్లి చదువుతుంది, కూతురు విని తిరిగి చెబుతుంది. కరవులో తల్లిదండ్రులు పోయాక, 1878లో కలకత్తా పండితులు ఆమెకు పండిత, సరస్వతి బిరుదులు ఇచ్చారు. 1883లో ఇంగ్లండ్‌లో బాప్తిస్మం తీసుకున్నారు. 1887లో ఆమె ఇంగ్లీషులో రాసిన పుస్తకం హిందూ వితంతువుల గోడును అమెరికా దాకా వినిపించింది.

అంత సంస్కృతం, అంత ఇంగ్లీషు వచ్చిన రమాబాయి జీవితపు చివరి ఏళ్లను దేనికి వెచ్చించారో చూడండి. హెబ్రీ, గ్రీకు నేర్చుకుని, మామూలు పల్లె ఆడవాళ్లకు అర్థమయ్యే మరాఠీలోకి బైబిలును అనువదించారు. ఎన్ని భాషలు నేర్చినా తనవాళ్ల మాటకే తిరిగి వచ్చారు. మన బిడ్డల చదువు కూడా అటువైపే నడవాలి.

తెలుగు సగం ఎందుకు ఇంట్లోనే కట్టాలి

మన పిల్లలకు మూడు తెలుగులు వినిపిస్తాయి. మొదటిది ఇంటి మాట. వచ్చిండు, పోయిండు అని బిడ్డ మాట్లాడితే అది తప్పు కాదని ముందు మనం ఒప్పుకోవాలి. ప్రజల పలుకుబడే భాషకు ప్రాణమని నమ్మి రాసిన కాళోజీ నారాయణరావు పుట్టినరోజు, సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. రెండోది వచ్చెను, చెప్పెను అనే పాత బైబిలు తెలుగు. మూడోది పత్రికల్లో, పరీక్షల్లో వాడే తెలుగు. ఆ వాడుక తెలుగును రాతలోకి తేవడానికి గిడుగు రామమూర్తి (1863–1940) జీవితకాలం పోరాడారు.

క్రైస్తవ కుటుంబాల పిల్లలకు ఇందులో ఒక మేలు, ఒక చిక్కు ఉన్నాయి. రోజూ వాక్యం చదివే బిడ్డకు పాత తెలుగు కొత్తగా ఉండదు. పద్యాలు, పాత వచనం చదవడానికి అది పనికొస్తుంది. కానీ రాయమంటే అదే గ్రాంథికంలో మొదలుపెట్టి మధ్యలో వాడుక భాషలోకి జారిపోతుంది. అందుకని ఒక అభ్యాసం చేయించండి. తప్పిపోయిన కుమారుని కథను ముందు నాయనమ్మకు చెప్పినట్టు ఇంటి మాటలో చెప్పించండి, తర్వాత పత్రికల తెలుగులో రాయించండి. ఏ మాట ఎక్కడ వాడాలో రెండు మూడు వారాల్లో బిడ్డకే తెలిసిపోతుంది.

ఏం చదివించాలి

13 నుంచి 16 ఏళ్ల బిడ్డకు ఏడాదికి ఎనిమిది పుస్తకాలు చాలు, తెలుగులో నాలుగు, ఇంగ్లీషులో నాలుగు. మొదలుపెట్టడానికి కొన్ని పేర్లు ఇవి.

గురజాడ అప్పారావు 1910లో రాసిన దిద్దుబాటు చిన్న కథ. ఒక్క పూటలో చదివి, వారమంతా మాట్లాడుకోవచ్చు. నవ్వుతూ చదవడానికి మొక్కపాటి నరసింహశాస్త్రి బారిష్టర్ పార్వతీశం. మన తెలంగాణ పల్లె నిన్న ఎలా ఉండేదో తెలియడానికి వట్టికోట ఆళ్వారుస్వామి ప్రజల మనిషి, దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు. గడీల దౌర్జన్యం ఉన్న చిల్లర దేవుళ్లను ముందు మీరు చదివి, ఆ తర్వాత బిడ్డకు ఇవ్వండి.

గుర్రం జాషువాను (1895–1971) వదలకండి. ఆయన క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1941లో వచ్చిన గబ్బిలంలో ఒక అంటరానివాడు తన గోడును కాశీలోని దేవునికి గబ్బిలం ద్వారా పంపుకుంటాడు. పద్యం కష్టంగా ఉంటే రోజుకు రెండు చాలు. కులం గురించి బిడ్డ అడిగే ప్రశ్నలకు మనం సిద్ధపడాలి. ఆ ప్రశ్నలు సంఘాన్ని కూడా తాకుతాయి. వాటిని దాటవేయడం కోసం పుస్తకాన్ని దాచకండి.

ఇంగ్లీషులో ఆర్.కె. నారాయణ్ స్వామి అండ్ ఫ్రెండ్స్ (1935), రస్కిన్ బాండ్ ది బ్లూ అంబ్రెల్లా తేలికైనవి. బన్యన్ యాత్రికుని ప్రయాణం (1678) తెలుగు అనువాదంతో పక్కపక్కన పెట్టి చదివితే రెండు భాషలూ పదునెక్కుతాయి. ఆన్ ఫ్రాంక్ తన 13వ పుట్టినరోజున అందుకున్న డైరీలో రాయడం మొదలుపెట్టింది. మన బిడ్డ వయసే కాబట్టి ఆ పుస్తకం డైరీ రాయాలన్న కోరిక పుట్టిస్తుంది.

ఇబ్రహీంపట్నం పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాల్సిన కథ ఒకటి ఉంది. మనిషికి ఎంత నేల కావాలి అని టాల్‌స్టాయ్ 1886లో ఒక కథ రాశాడు. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గుంకేలోగా ఎంత చుట్టి వస్తే అంత నేల నీదే అంటారు ఒక రైతుతో. ఇంకా ఇంకా అనుకుంటూ పరుగెత్తిన ఆ రైతు చివరికి కుప్పకూలిపోతాడు, ఆరడుగుల గొయ్యే అతనికి మిగులుతుంది. సాగర్ రోడ్డు పొడవునా ప్లాట్ల బోర్డులు చూస్తూ పెరిగే బిడ్డకు ఈ కథను వేరే వివరించనక్కర్లేదు. చదివాక ఒక ప్రశ్న అడిగితే చాలు. మన చుట్టుపక్కల ఈ రైతు ఎవరు?

రచన నేర్పే మూడు పనులు

తిరిగి చెప్పించడం. చదివిన అధ్యాయాన్ని పుస్తకం మూసి చెప్పమనండి. షార్లెట్ మేసన్ పద్ధతికి ఇదే పునాది. మనకు ఇది కొత్తేమీ కాదు. ఆరాధన నుంచి ఇంటికి వచ్చాక అయ్యగారు ఈవేళ ఏం చెప్పారు అని అడిగే తల్లి చేసేది ఇదే. నోటితో చెప్పగలిగిన బిడ్డ కొన్నాళ్లకు చేతితో రాయగలుగుతుంది.

చూసి, మూసి, రాసి, పోల్చడం. బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో చెప్పుకున్న పద్ధతి ఇది. బడి చదువు రెండేళ్లకే ఆగిపోయిన ఆయన, మంచి వ్యాసం ఒకటి తీసుకుని ప్రతి వాక్యం భావాన్ని క్లుప్తంగా రాసుకుని, కొన్ని రోజుల తర్వాత ఆ గుర్తులతోనే వ్యాసం మళ్లీ రాసి, అసలు దానితో పోల్చి తన తప్పులు దిద్దుకునేవాడు. దీనికి పైసా ఖర్చు లేదు. దినపత్రిక సంపాదకీయం ఒక పేరా చాలు.

నిజంగా చదివేవాళ్ల కోసం రాయించడం. అమ్మ దిద్ది పక్కన పెట్టే వ్యాసం మీద బిడ్డకు మనసు పెట్టబుద్ధి కాదు. ఊళ్లో ఉన్న అమ్మమ్మకు ఉత్తరం, వీధి దీపం వెలగడం లేదని మున్సిపాలిటీకి అర్జీ, ఆదివారపు బడి చిన్నపిల్లలకు ఒక కథ, సంఘంలో పెద్దల జ్ఞాపకాలు, ఇలాంటివి రాయించండి. ఇబ్రహీం కుతుబ్‌షా పేరు మోస్తున్న మన ఊరి పెద్దచెరువు గురించి ముగ్గురు పెద్దవాళ్లను అడిగి, వాళ్లు చెప్పింది రాసుకు రమ్మనండి. చెరువు నిండిన ఏడు, ఎండిన ఏడు, పొలం అమ్మిన ఏడు, అన్నీ వాళ్లకు గుర్తుంటాయి. ఏ వర్క్‌బుక్‌లోనూ ఈ పాఠం దొరకదు.

వారం ఎలా నడపాలి

రోజుకు గంటన్నర చాలు. సోమ, మంగళవారాల్లో తెలుగు పుస్తకం చదవడం, తిరిగి చెప్పడం. బుధ, గురువారాల్లో ఇంగ్లీషు పుస్తకం, కొన్న పాఠ్యక్రమంలోని వ్యాకరణం లేదా రచన పాఠం. శుక్రవారం చిత్తుప్రతి. ఒక వారం తెలుగులో, మరో వారం ఇంగ్లీషులో ఒక పేజీ రాయాలి. శనివారం దిద్ది శుభ్రంగా తిరగరాయడం. పరీక్షకు ఆరు నెలల ముందు నుంచి శుక్రవారాలు పాత ప్రశ్నపత్రాలకు కేటాయించండి.

చిత్తుప్రతి మాత్రం చేత్తో, కాగితం మీదే రాయాలి. ఫోనును అడిగితే క్షణంలో వ్యాసం వస్తుంది గానీ పరీక్ష హాల్లో ఫోను ఉండదు.

దిద్దడంలో జాగ్రత్త

పేజీ అంతా ఎర్ర గీతలతో నింపితే బిడ్డ రాయడం మానేస్తుంది. ఒక్కసారికి ఒక రకం తప్పే దిద్దండి. ఒక వారం వత్తులు, ఒక వారం దీర్ఘాలు, మరో వారం ల–ళ, న–ణ, శ–ష–స తేడాలు. ముందుగా బాగున్న ఒక వాక్యం కింద గీత గీసి, ఎందుకు బాగుందో చెప్పండి. మీకు ఇంగ్లీషు అంతగా రాకపోతే సిగ్గుపడకండి. ఇంగ్లీషు పేజీలు దిద్దడానికి సంఘంలో ఒక టీచరుగారినో, డిగ్రీ చదివే అన్ననో నెలకు రెండుసార్లు అడగండి. తెలుగు పేజీని మీరే చదవండి, వీలైతే గట్టిగా చదివి వినిపించండి. తన వాక్యం ఎక్కడ తడబడిందో బిడ్డ చెవికే తెలుస్తుంది.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి

బస్సెక్కితే హైదరాబాద్ దూరమేమీ కాదు. కోఠిలో పాత పుస్తకాల దుకాణాలు ఉన్నాయి. ఆబిడ్స్‌లో ఆదివారాలు కాలిబాట మీద పుస్తకాలు పరుస్తారు. ఆరాధన ముగిశాక సాయంత్రం వెళ్లి రావచ్చు. 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం సుల్తాన్ బజార్‌లో ఉంది. బిడ్డను ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి, తెలుగులో ఇన్ని పుస్తకాలు ఉన్నాయా అని ఆశ్చర్యపోతుంది. శీతాకాలంలో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో ఏడాదికి కావలసినవి ఒకేసారి కొనుక్కోవచ్చు. పాత ఇంగ్లీషు పుస్తకాలు గుటెన్‌బర్గ్ ప్రాజెక్టు వెబ్‌సైట్‌లో ఉచితం.

చివరగా ఒక మాట. పుస్తకాలు ఎన్ని కొన్నా బిడ్డ పేజీని చదివే మనిషి ఇంట్లో ఒకరు లేకపోతే ఏ పాఠ్యక్రమమూ పనిచేయదు. ప్రభువు తన శిష్యులకు లోతైన సంగతులను విత్తనాలు, గొర్రెలు, పులిసిన పిండి గురించిన కథల్లో చెప్పాడు, వినేవాళ్ల పొలాల్లోంచీ వంటింట్లోంచీ తీసిన మాటలతోనే. మన బిడ్డలు కూడా తమ ఇంటి మాటతో మొదలుపెట్టి లోకంతో మాట్లాడగలగాలి. ఈ వారం కొత్తగా ఏదీ కొనకండి. ఇంట్లో ఉన్న ఒక కథ చదివి, పుస్తకం మూసి, ఏం జరిగిందో చెప్పమనండి. బిడ్డకు ఏం వచ్చో, ఏం రాదో అప్పుడు తెలుస్తుంది. ఏ పాఠ్యక్రమం కావాలో ఆ తర్వాత చూసుకోవచ్చు.